ఏఐ జవాబులో మీ కొట్టు పేరు రావాలంటే ముందు ఏ పని? బరంపురం నుంచి జయపురం దాకా తెలుగు వ్యాపారులకు ఒక పోలిక

ఇచ్ఛాపురంలో పెళ్లివారు ఫోను తీసి "బరంపురం పట్టుచీరలు ఎక్కడ కొంటే మంచిది" అని అడిగితే ఒకప్పుడు వరసగా లింకులు వచ్చేవి. ఇప్పుడు వాటి నెత్తిన ఐదారు వాక్యాల జవాబు కూర్చుంటోంది. గూగుల్ దీన్ని ఏఐ ఓవర్‌వ్యూ అంటుంది. మన దేశంలో ఇది 2024 ఆగస్టు నుంచి ఉంది. 2025లో ఏఐ మోడ్ అనే ఇంకో ట్యాబు వచ్చి చేరింది. గూగుల్ జోలికే పోకుండా చాట్‌జీపీటీనో పర్‌ప్లెక్సిటీనో అడిగేవాళ్లు వేరే.

దీంతో కొట్టు, లాడ్జి, ల్యాబు నడిపేవాళ్ల ముందు ఒకేసారి చాలా పనులు వచ్చి పడ్డాయి. సైటు తిరగరాయాలా, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాపులో మీ కొట్టు వివరాలు చూపే ఖాతా) ఒక్కటీ చాలా? తెలుగులో రాయాలా, ఒడియాలోనా, ఇంగ్లీషులోనా? ఏఐ బాట్లను, అంటే సైట్లు తిరిగి చదివే యంత్రాలను, రానివ్వాలా, ఆపాలా? ఫోన్ చేసి విసిగిస్తున్న ఏజెన్సీకి డబ్బు కట్టాలా? అన్నీ చేయడానికి ఎవరికీ తీరిక ఉండదు కాబట్టి మా లెక్క ముందే చెప్తాం. మీదే ఊరో, ఏం అమ్ముతారో, ఎంతకో, ఎప్పుడు తెరుస్తారో సాదా అక్షరాల్లో చెప్పే పేజీ ఒక్కటి ముందు తయారు చేసుకోండి. సరిహద్దు ఊళ్లలో చాలామంది జవాబులోంచి జారిపోయేది అది లేకే.

మీది ఏ బరంపురం?

పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరు బహరంపూర్. ఇంగ్లీషులో దానికీ మన ఒడిశా బరంపురానికీ చివర ఒకటి రెండు అక్షరాలే తేడా. పైగా ముర్షిదాబాదూ పట్టుకి పేరున్న చోటే. మన ఊరికి రైల్వే స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది, బ్యాంకు కాగితాల్లో బెర్హంపూర్ అని ఉంటుంది, మన నోట బరంపురం. ఇన్ని పేర్లున్న ఊళ్లో "బరంపురంలో నాణ్యమైన పట్టుచీరలు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, జవాబు కూర్చే యంత్రం మిమ్మల్ని ఏ రాష్ట్రంలో వేసుకుంటుందో మీరు చెప్పలేరు.

ఈ చిక్కు బరంపురానికే కాదు. కోరాపుట్ జిల్లా జయపురానికి రాజస్థాన్ జైపూర్ అడ్డం. రాయగడకి మహారాష్ట్రలో రాయగఢ్, ఛత్తీస్‌గఢ్‌లో ఇంకో రాయ్‌గఢ్ ఉన్నాయి. ఆ రెండోదానికి కోసా పట్టు పేరు కూడా ఉంది. మల్కన్‌గిరి అని నోటితో అడిగితే ఫోను హైదరాబాద్ మల్కాజిగిరి అనుకోవడానికి పెద్ద కష్టం అక్కర్లేదు. పర్లాకిమిడి మాత్రం నయం, ఆ పేరుతో ఇంకో ఊరు లేదు. కాకపోతే పారలాఖెముండి అన్న ఒడియా రూపానికీ మన పర్లాకిమిడికీ పోలికే లేదు. రెండూ ఒకే ఊరని పేజీలో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

దీనికి మందు చవకైనదే. పేజీ మొదటి వాక్యంలో ఊరు, జిల్లా, రాష్ట్రం మూడూ కలిపి రాయండి. రెండో వాక్యంలో ఊరి మిగతా పేర్లు ఒక్కసారి చెప్పండి. అడుగున పూర్తి చిరునామా పిన్‌కోడుతో సహా పెట్టండి: బరంపురం 760001 మొదలు, జయపురం 764001, రాయగడ 765001, పర్లాకిమిడి 761200. ఫోను నంబరు ముందు ఎస్టీడీ కోడు వేస్తే ఇంకా మంచిది. బరంపురానికి 0680, పర్లాకిమిడికి 06815, జయపురానికి 06854, రాయగడకి 06856. తర్వాత చుట్టుపక్కల గుర్తులు చెప్పాలి. "ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వచ్చాక", "పాతపట్నం పక్కన", "పార్వతీపురం నుంచి రాయగడ రోడ్డులో" అన్న మాటలు ఆంధ్ర వైపు వాళ్లు అడిగే ప్రశ్నల్లో అచ్చంగా ఉంటాయి.

ఒక జాగ్రత్త. ఇచ్ఛాపురానికి ఒక పేజీ, సోంపేటకి ఒకటి, పలాసకి ఒకటి అని ఊరి పేరు మాత్రం మార్చి అదే సరుకు పది పేజీలుగా పెట్టకండి. ఒకే మాటని ఊళ్ల పేర్లతో గుణించడాన్ని గూగుల్ చాలా ఏళ్లుగా స్పామ్ కింద లెక్కేస్తోంది. 2024 మార్చిలో ఆ నిబంధనలు ఇంకా బిగించింది. ఒకే పేజీలో "ఏ ఊరి నుంచి ఎలా రావాలి" అని నాలుగు పేరాలు చాలు.

తెలుగా, ఇంగ్లీషా, ఒడియానా

ఎక్కువమంది తప్పుగా ఎంచుకునేది ఇక్కడే. మా కొనుగోలుదారులు తెలుగువాళ్లు కాబట్టి తెలుగు పేజీ చాలు అనుకుంటారు. కానీ గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియానో ఇంగ్లీషో చదివినవాళ్లు ఎంతోమంది. తెలుగు వింటారు, మాట్లాడతారు. తెలుగు అక్షరం చదవడం మాత్రం రాదు. వాళ్లు అడిగేది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, లేదా నేరుగా ఇంగ్లీషు. అటు ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం, సాలూరు నుంచి వచ్చేవాళ్లు తెలుగు లిపిలోనే అడుగుతారు, లేదంటే మైకు నొక్కి మాట్లాడతారు.

కాబట్టి మీ తెలుగు కొనుగోలుదారు సరిహద్దుకి ఏ పక్కన ఉన్నాడో ముందు తేల్చుకోండి. వారం రోజులు బిల్లు పుస్తకంలో ఊరి పేరు రాయించండి. అయిదుగురిలో ఒకరికి మించి ఆంధ్ర వైపు వాళ్లుంటే తెలుగు పేజీ, ఇంగ్లీషు పేజీ ఒకేసారి మొదలుపెట్టండి. అంతకంటే తక్కువైతే ఇంగ్లీషు పేజీ ముందు. అందులో మీ సరుకుల తెలుగు పేర్లు, ఒడియా పేర్లు రెండూ ఉండాలి. ఒడియా పేజీ మూడోది. ఊళ్లోవాళ్లే ప్రధానమైన మందుల షాపులకి, కోచింగ్ సెంటర్లకి మాత్రం అది రెండోది.

తెలుగు పేజీకి ఒక లాభం ఉంది. దాన్ని చాలామంది గుర్తించరు. ఇంగ్లీషులో "బెర్హంపూర్ సిల్క్" మీద రాసిన పేజీలు బోలెడు. తెలుగులో బరంపురం పట్టు గురించి, ఫొడా కుంభ (గుడి ఆకారపు నేత) అంచు గురించి, జోడా (మగవాళ్ల పట్టు పంచె, కండువా) గురించి వివరంగా రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెలుగు ప్రశ్నకి తెలుగు ఆధారం వెతికే యంత్రానికి దొరికేది ఆ కొద్దిపాటే. పోటీ లేని చోట సరైన పేజీ ఒకటి పెడితే, పెద్ద పెద్ద సైట్లని పక్కకి నెట్టి పైకి రావాల్సిన అవసరమే పడదు.

అయితే ఆ తెలుగు మనుషులు మాట్లాడేదై ఉండాలి. "మా వద్ద అన్ని రకముల వస్త్రములు సరసమైన ధరలకు లభించును" అని ఎవరూ ఫోనులో అడగరు. "పదివేలలోపు పెళ్లి చీర దొరుకుతుందా" అని అడుగుతారు. వాడుక భాషలో రాయమని పర్లాకిమిడి వాళ్లకి ఇంకొకరు చెప్పాలా! గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఊళ్లో పాఠాలు చెబుతూనే కదా గ్రాంథికంతో తగువు పెట్టుకున్నారు.

అనువాద యంత్రం పెట్టి ఇంగ్లీషు పేజీని తెలుగు చేయించే దారి చూడటానికి సులువు. ఫలితం మాత్రం నవ్వులపాలు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మల పేజీలో "హారన్ పని" అని వస్తుంది. చీర అంచు "సరిహద్దు" అయిపోతుంది. సైటు మూల భాష మార్చే బటన్, అంటే పేజీ తెరిచాక బ్రౌజరులో తెలుగు చూపించే విడ్జెట్ ఇంకా దండగ. బాటు వచ్చినప్పుడు దానికి కనబడేది అసలు ఇంగ్లీషే, తెలుగు ముక్క ఒక్కటీ ఉండదు. ఒక్కో భాషకి విడి చిరునామా ఉన్న పేజీ ఉండాలి. ఏ పేజీ ఏ భాషదో యంత్రానికి చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగులో తెలుగుకి టీఈ, ఇంగ్లీషుకి ఈఎన్, ఒడియాకి ఓఆర్. బండి నంబరు పలకల మీద ఓఆర్ పోయి ఓడీ వచ్చింది కదా అని ఇక్కడా ఓడీ వేసేవాళ్లున్నారు. భాష కోడు మారలేదు. మూడు పేజీలూ ఒకదాన్నొకటి చూపాలి, తమని తామూ చూపుకోవాలి. ఒకవైపు మాత్రమే చూపిస్తే ఆ ట్యాగుని పట్టించుకోరు.

రాత ఎలా ఉంటే ఎత్తుకుంటారు

ఏఐ మోడ్, ఏఐ ఓవర్‌వ్యూలు ఒక ప్రశ్నని యథాతథంగా వెతకవు. దాన్ని చిన్న చిన్న ప్రశ్నలుగా విడగొట్టి, ఒక్కోదానికీ వేరుగా వెతికి, దొరికిన ముక్కలు కలిపి జవాబు కూరుస్తాయి. "శ్రీకాకుళం నుంచి పెళ్లి పట్టుచీరలకి బరంపురం వెళ్లొచ్చా" అన్న ఒక్క ప్రశ్న వెనక ధర ఎంత, రైలు ఉందా, ఆదివారం తెరుస్తారా, అసలు పట్టని ఎలా గుర్తించాలి, బ్లౌజు గుడ్డ కలిసే వస్తుందా అన్న అయిదారు ప్రశ్నలు ఉంటాయి. మీ పేజీ వాటిలో మూడింటికి సూటిగా జవాబిస్తే మూడు చోట్ల దొరుకుతారు. "నమ్మకానికి మారుపేరు" అని రాస్తే ఒక్కచోటా దొరకరు.

రెండో సంగతి. యంత్రం పేజీ మొత్తాన్ని కాదు, అందులో ఒక పేరాని ఎత్తుకుంటుంది. ఎత్తినప్పుడు ఆ పేరా ఒంటరిగా నిలబడాలి. "మా దగ్గర ఇవి కూడా దొరుకుతాయి" అన్న వాక్యాన్ని పేజీలోంచి బయటికి తీస్తే మా అంటే ఎవరు, ఇవి అంటే ఏవి? ప్రతి పేరాలో కొట్టు పేరో, ఊరి పేరో, సరుకు పేరో మళ్లీ రావాలి. చదివేటప్పుడు కాస్త పునరుక్తి అనిపిస్తుంది. ఆ మాత్రం భరించొచ్చు.

ఈ రెండు రాతలు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది: "మూడు తరాలుగా వినియోగదారుల ఆదరణ పొందుతున్న మా సంస్థలో వివాహాది శుభకార్యములకు కావలసిన పట్టువస్త్రములు లభించును. ఒకసారి విచ్చేయండి."

రెండోది: "ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో పెళ్లి పట్టుచీరలు అమ్మే కొట్టు ఇది. ఫొడా కుంభ అంచు ఉన్న బరంపురం పట్టుచీర 9,000 నుంచి 18,000 రూపాయల మధ్య ఉంటుంది. చీర పొడవు అయిదున్నర మీటర్లు, బ్లౌజు గుడ్డ 80 సెంటీమీటర్లు కలిసే వస్తుంది. ఉదయం పదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా, ఆదివారం కూడా తెరిచి ఉంటుంది, సెలవు మంగళవారం."

రెండోదానిలో అంకెలు నమూనాకి వేసినవి, మీవి మీరు వేసుకోవాలి. తేడా తెలుస్తూనే ఉంది కదా, మొదటి రాతని ఏ ఊళ్లో ఏ కొట్టుకైనా అంటించొచ్చు.

ఇది ఒట్టి అభిప్రాయం కూడా కాదు. ప్రిన్స్‌టన్, ఐఐటీ ఢిల్లీ తదితర సంస్థల పరిశోధకులు 2023 నవంబరులో బయటపెట్టిన పత్రంలో పదివేల ప్రశ్నలతో పరీక్ష చేశారు. అంకెలు, ఆధారాలు, తెలిసినవాళ్ల మాటలు చేర్చిన పేజీలు ఏఐ జవాబుల్లో ఎక్కువగా కనబడ్డాయి, కొన్ని పద్ధతుల్లో నలభై శాతం దాకా. ఒకే కీవర్డుని పదేపదే కుక్కే పాత అలవాటు ఉపయోగపడలేదు.

ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయంటే మీ కొట్టు వాట్సాప్‌లోనే. గత నెల వచ్చిన మెసేజులు తిరగేస్తే పన్నెండు, పదిహేను ప్రశ్నలు తేలతాయి. వాటిని అడిగినవాళ్ల మాటల్లోనే ఉపశీర్షికలుగా పెట్టి, కింద నలభై నుంచి ఎనభై మాటల్లో జవాబు రాయండి. అసలు జవాబు మొదటి వాక్యంలోనే రావాలి. పండగ సంగతులు మరిచిపోకండి. బరంపురంలో ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి చైత్రంలో వస్తుంది. ఆ రోజుల్లో కొట్టు వేళలు, లాడ్జి గదుల సంగతి, ఏ రోడ్డు మూస్తారు అన్నవి బయటి ఊళ్లవాళ్లు తప్పకుండా అడుగుతారు.

ఒక పొడుగాటి పేజీయా, పది చిన్న పేజీలా అని అడుగుతుంటారు. ఒకే రకం సరుకైతే ఒకే పేజీ. చీరలు, జోడా, వెండి మూడూ అమ్మితే మూడు పేజీలు. ప్రశ్నకొక పేజీ మాత్రం వద్దు, వంద మాటల పేజీలు ఇరవై పెడితే ఏదీ బరువు తూగదు.

గూగుల్ ముందా, చాట్‌జీపీటీ ముందా

కొట్టు, క్లినిక్, హోటలు, ఇలా మనిషి నడిచి రావాల్సిన వ్యాపారమైతే గూగుల్ ముందు, సందేహం అక్కర్లేదు. దగ్గర్లో ఏముంది అన్న ప్రశ్నకి గూగుల్ జవాబు మ్యాపు మీదా బిజినెస్ ప్రొఫైల్ మీదా బాగా ఆధారపడుతుంది. ప్రొఫైల్ ఉచితం. అందులో వ్యాపార రకం సరిగా ఎంచుకోవడం, వేళలు, పండగ సెలవులు, సరుకుల జాబితా, ఫోటోలు నింపడానికి ఒక పూట పడుతుంది. కానీ ప్రొఫైల్ ఒక్కటే చాలా అంటే చాలదు. "అసలు పట్టని ఎలా గుర్తించాలి" లాంటి ప్రశ్నకి జవాబు అందులో పట్టదు. ఇంకోమాట, ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న సైట్లు 2024 మార్చిలో మూతపడ్డాయి. ఆ పాత చిరునామా ఇంకా విజిటింగ్ కార్డుల మీద, బోర్డుల మీద పెట్టుకున్నవాళ్లు కనబడుతూనే ఉన్నారు. అది ఇప్పుడు ఎక్కడికీ పోదు.

జయపురం, కోరాపుట్ వైపు టూరు తిప్పేవాళ్ల సంగతి వేరు. "అరకు నుంచి దేవమాలి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా, దారిలో గుప్తేశ్వర్ కలుస్తుందా" లాంటి పొడుగు ప్రశ్నలు జనం చాట్‌జీపీటీని అడుగుతున్నారు, అదీ ఎక్కువగా ఇంగ్లీషులో. దేవమాలి ఎత్తు 1,672 మీటర్లని ప్రతి సైటూ రాస్తుంది. పైదాకా కారు పోతుందా, వానాకాలం రోడ్డు ఎలా ఉంటుంది, కొత్తవలస–కిరండూల్ రైలు దిగాక బండి ఎక్కడ దొరుకుతుంది అన్నవి రాసేవాళ్లు తక్కువ. మీరు రాయాల్సింది అవి. ఇలాంటి వ్యాపారానికి చాట్‌జీపీటీ, పర్‌ప్లెక్సిటీల్లో కనబడటం గూగుల్‌తో సమానం.

చాట్‌జీపీటీ వెతుకులాట 2024 అక్టోబరు చివర్లో మొదలైంది. అది తన సొంత బాటుతో పాటు మైక్రోసాఫ్ట్ వాళ్ల బింగ్ లాంటి వేరే వెతుకులాట సేవల్ని వాడుకుంటుంది. మనవాళ్లు బింగ్‌ని ఎప్పుడూ తెరవరు కాబట్టి అందులో తమ సైటు ఉందో లేదో చూసుకోరు. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో ఖాతా తెరిచి, గూగుల్ సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో మీ సైటు ఎలా కనబడుతోందో చూపే ఉచిత ఖాతా) నుంచి సైటుని దిగుమతి చేసుకుంటే పది నిమిషాల పని. బింగ్ ప్లేసెస్‌లోకి కూడా గూగుల్ ప్రొఫైల్‌ని అలాగే తెచ్చుకోవచ్చు. ఖర్చు లేని పనుల్లో దీనికి మించింది లేదు.

బాటుకి కనబడుతోందా?

రాత ఎంత బాగున్నా యంత్రానికి అందకపోతే లాభం లేదు. మూడు పరీక్షలు చేయండి.

మీ పేజీలో ఒక తెలుగు వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగే వస్తే మంచిది. ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తే అది డీటీపీ వాళ్ల పాత అను ఫాంట్లలో కొట్టింది, యూనికోడు కాదు. కంటికి తెలుగులా కనబడినా ఏ యంత్రానికీ అది తెలుగు కాదు. యూనికోడుకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, సున్నలు చెదిరిపోతాయి కాబట్టి ఒక మనిషి మొత్తం చదవాల్సిందే. అసలు కాపీయే కాకపోతే అది పోస్టరు బొమ్మ. ధరల పట్టిక, వేళలు, ఆఫర్లు అన్నీ బొమ్మల్లో పెట్టి కింద ఒక్క అక్షరం లేని సైట్లు మన వైపు చాలా ఉన్నాయి.

రెండోది, కంప్యూటరులో పేజీ తెరిచి కంట్రోల్, యూ నొక్కండి. వచ్చిన కోడులో మీ ధర, మీ ఊరి పేరు వెతకండి. అక్కడ లేకుండా తెర మీద మాత్రమే కనబడుతోందంటే అది జావాస్క్రిప్టు తర్వాత తెచ్చి పెడుతోందని అర్థం. గూగుల్‌బాటు జావాస్క్రిప్టుని నడిపి చూస్తుంది. చాట్‌జీపీటీ, క్లాడ్ బాట్లు మామూలుగా నడపవు, వచ్చిన కోడు మాత్రమే చదివి పోతాయి. సైటు కట్టించే దశలోనే ఉంటే ఎంపిక సులువు. సాదా హెచ్‌టీఎమ్ఎల్ పేజీగానీ వర్డ్‌ప్రెస్‌గానీ తీసుకోండి. ఆడే బొమ్మలతో మెరిసే రియాక్ట్ (జావాస్క్రిప్టుతో నడిచే) సైటు కావాలంటే సర్వరు వైపు రెండరింగ్, అంటే పేజీ సర్వరులోనే తయారై రావడం, ఉంటేనే ఒప్పుకోండి.

మూడోది, మీ సైటు చిరునామా చివర /robots.txt (రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ) అని కొట్టి, ఏ బాటు రావచ్చో చెప్పే ఆ ఫైలు చదవండి. అందులో ఎవరినైనా ఆపి ఉంటే తెలుస్తుంది. అది శుభ్రంగా ఉన్నా సైటుకి కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్ సేవ వెనక ఉన్న సైటైతే దాని డాష్‌బోర్డు కూడా చూడాలి. 2025 జులై నుంచి అక్కడ కొత్తగా చేరే సైట్లకి ఏఐ బాట్లను మొదటి నుంచీ ఆపే పద్ధతి వచ్చింది. చేర్పించినవాడు ఆ సంగతి చెప్పకపోతే మీరు ఎంత రాసినా తలుపు మూసే ఉంటుంది.

ఆపాలా, రానివ్వాలా

కొట్టుకి, లాడ్జికి, ల్యాబుకి జవాబు ఒకటే, అందరినీ రానివ్వండి. మీ ధర, మీ వేళలు ఎంతమంది నోట నానితే అంత మంచిది.

ప్రకటనల మీద బతికే తెలుగు వార్తల సైటో, వంటల సైటో అయితే ఆలోచించాలి. అమెరికాలో ప్యూ పరిశోధన కేంద్రం 2025 మార్చి నెల వాడకాన్ని గమనించి చెప్పిన లెక్క చూడండి. పైన ఏఐ సారాంశం వచ్చినప్పుడు కింది లింకు నొక్కినవి నూటికి 8 సార్లు, రానప్పుడు 15 సార్లు. సారాంశం లోపల ఉన్న లింకు నొక్కింది నూటికి ఒక్కసారి. చీరల కొట్టుకి నొక్కకపోయినా నష్టం లేదు, మనిషి బస్సెక్కి వస్తాడు. వంటల సైటుకి నొక్కకపోతే పైసా రాదు.

అలాంటివాళ్లకి సగం దారి ఉంది. ఓపెన్‌ఏఐ బాట్లు వేరువేరు. జీపీటీబాట్ శిక్షణ కోసం, ఓఏఐ సెర్చ్‌బాట్ వెతుకులాట కోసం. మొదటిదాన్ని ఆపి రెండోదాన్ని రానివ్వొచ్చు. గూగుల్ దగ్గర మాత్రం ఇంత వీలు లేదు. గూగుల్ ఎక్స్‌టెండెడ్ అన్న పేరుని ఆపితే గూగుల్ ఏఐ అయిన జెమిని శిక్షణకి మీ రాత వాడరు, కానీ ఏఐ ఓవర్‌వ్యూలో రావడం ఆగదు. అది మామూలు గూగుల్‌బాటు తెచ్చిన సరుకుతోనే నడుస్తుంది. దాన్నుంచి తప్పుకోవాలంటే పేజీలో నోస్నిప్పెట్ (నా రాత ముక్కలు చూపొద్దు అని చెప్పే ట్యాగు) పెట్టాలి. అప్పుడు మామూలు ఫలితాల్లో మీ లింకు కింద వచ్చే రెండు వరసల వివరమూ పోతుంది. పేజీలో కొంత భాగాన్నే దాచాలంటే డేటా నోస్నిప్పెట్ ఉంది. వంటకం పరిచయం వదిలి కొలతల పట్టికని మాత్రం అందులో చుట్టేవాళ్లున్నారు. మాకు అది సబబుగానే తోస్తుంది.

స్కీమా, ఎల్ఎల్ఎమ్స్ ఫైలు

స్కీమా అంటే పేజీ వెనక యంత్రం కోసం రాసే వివరాల చీటీ. లోకల్ బిజినెస్ రకం ఒకటి పెట్టుకోండి, పేరు, చిరునామా, ఫోను, వేళలతో. తెర మీద ఉన్నదే చీటీలోనూ ఉండాలి, తేడా వస్తే అపనమ్మకం. ప్రశ్నలు–జవాబుల స్కీమా పేరు చెప్పి విడిగా డబ్బు అడిగితే ఇవ్వకండి. వెతుకులాట ఫలితం కింద ఆ ప్రశ్నలు చూపించడాన్ని గూగుల్ 2023 ఆగస్టులోనే ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకి పరిమితం చేసేసింది. ఎల్ఎల్ఎమ్స్ డాట్ టీఎక్స్‌టీ అన్న ఫైలు 2024 సెప్టెంబరులో వచ్చిన ప్రతిపాదన. ఏఐ ఓవర్‌వ్యూకి అలాంటి ప్రత్యేక ఫైళ్లు అక్కర్లేదని గూగుల్ చెప్పింది. తీరిక ఉంటే పెట్టుకోండి, లేకపోతే మానేయండి.

ఏజెన్సీకి ఇవ్వాలంటే

సైటుని వెతుకులాటలో పైకి తెచ్చే పనిని ఎస్ఈఓ అనేవాళ్లే ఇప్పుడు, ఏఐ జవాబుల కోసమని జీఈఓ (GEO), ఏఈఓ అంటున్నారు. జీఈఓని జియో అంటే సిమ్ము అమ్మడానికి వచ్చారనుకున్న పెద్దాయనల తప్పేం లేదు. పేర్లు కొత్తవి, ఆ పనిలో ముప్పాతిక పాతదే.

సైటు బాగుచేయడం, భాషల పేజీలు విడదీయడం, సర్వరు పనులు బయటివాళ్లకి ఇవ్వొచ్చు. రాత మాత్రం మీ చేతిలోనే ఉండాలి. ఫొడా కుంభ అంచు ఎలా ఉంటుందో, కొమ్ము బొమ్మకి నూనె ఎందుకు రాస్తారో భువనేశ్వర్‌లోనో విశాఖలోనో కూర్చున్న కుర్రాడికి ఎక్కడ తెలుస్తుంది? మీరు ఫోనులో నోటితో చెప్పి రికార్డు చేయండి, వాళ్లు దాన్ని పేజీగా కుదుర్చుతారు. డబ్బు కట్టేముందు నాలుగు మాటలు అడగండి. పని అయ్యాక సైటు, సెర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్ ఎవరి ఈమెయిలు పేరు మీద ఉంటాయి? తెలుగు పేజీ మనిషి రాస్తాడా, యంత్రమా? ఏ ఏ పేజీలు మారుస్తారో రాసిస్తారా? ఏఐ జవాబులో మొదటి పేరు మాదే వస్తుందని హామీ ఇస్తారా? చివరిదానికి అవునంటే అక్కడే లేచి రండి. ఒకే ప్రశ్నని ఒకే ఫోనులో రెండుసార్లు అడిగితే జవాబు రెండు రకాలుగా వస్తుంది. అలాంటి దానికి హామీ ఇచ్చేవాడు దేనికైనా ఇస్తాడు.

కనబడుతున్నామా లేదా

సెర్చ్ కన్సోల్‌లో ఏఐ ఓవర్‌వ్యూ, ఏఐ మోడ్ లెక్కలు మామూలు వెబ్ లెక్కల్లోనే కలిసి ఉంటాయి. విడదీసి చూపించమంటే చూపదు. చాట్‌జీపీటీ నుంచి వచ్చినవాళ్లు గూగుల్ అనలిటిక్స్‌లో (సైటుకి ఎవరెక్కడి నుంచి వచ్చారో లెక్కపెట్టే సేవలో) ఆ పేరుతోనే కనబడతారు, ఆ లింకుల చివర దాని గుర్తు తగిలించి ఉంటుంది.

ఇవి చాలవు కాబట్టి నోటుపుస్తకం పెట్టండి. పది ప్రశ్నలు రాసుకోండి: నాలుగు తెలుగు లిపిలో, నాలుగు ఇంగ్లీషులో, రెండు ఇంగ్లీషు అక్షరాల తెలుగులో. నెలకోసారి, లాగిన్ కాకుండా, ఒక్కో ప్రశ్న మూడుసార్లు గూగుల్‌లోనూ చాట్‌జీపీటీలోనూ అడగండి. మీ పేరు వచ్చిందా, ఊరు సరిగా ఉందా, కింద ఏ సైటుని ఆధారంగా చూపింది అన్న మూడు గడులు నింపండి. మీ పేరు రాకపోయినా మూడో గడి విలువైనది. పదే పదే ఒకే డైరెక్టరీ, ఒకే యాత్రా సైటు కనబడితే మీ వివరాలు ముందు అక్కడ సరిచేయించాలి.

తప్పు వచ్చినప్పుడు, అంటే పాత ఫోను నంబరో, ఎత్తేసిన బ్రాంచో చూపినప్పుడు ఏఐతో వాదించి లాభం లేదు, ఆ మాట అక్కడితోనే పోతుంది. జవాబు కింద ఉన్న ఆధారం లింకు తెరవండి. తప్పు మీ సైటులో ఉంటే దిద్ది, సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీని మళ్లీ చూడమని అడగండి, బింగ్‌లోనూ అంతే. తప్పు బయటి డైరెక్టరీలో ఉంటే అక్కడ సవరణ పెట్టండి. ఫేస్‌బుక్ పేజీ, ప్రొఫైల్, బిల్లు మీద ముద్ర, అన్నిచోట్లా ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగు ఒకటే ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ఒకచోట బ్రహ్మపూర్, ఇంకోచోట బెర్హంపూర్ అని ఉంటే ఏదో ఒకటి ఎంచుకుని మిగతావి దానికి మార్చండి (పేజీ రెండో వాక్యంలో చెప్పిన మిగతా పేర్లు మాత్రం అలాగే ఉంచండి). మార్పు జవాబుల్లోకి ఎక్కడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి పెళ్లిళ్ల సీజనుకి కనీసం రెండు నెలల ముందు ఈ పని ముగించాలి.